నవాహో ప్రజల ఆసుపత్రుల్లో ఆప్టోమెట్రీ రెసిడెన్సీ: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో ఆప్టోమెట్రీ చదువుతున్న తెలుగు విద్యార్థులు, వారి తల్లిదండ్రులు, హైదరాబాదులోనో విజయవాడలోనో బి.ఆప్టోమ్ పూర్తిచేసి పై చదువుల గురించి ఆలోచిస్తున్నవారు, అమెరికా మూలవాసి తెగ అయిన నవాహోల ఆసుపత్రుల్లో దొరికే ఈ శిక్షణ గురించి సాధారణంగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఉన్నాయి. జీతం, నివాసం వంటి విషయాలను క్లుప్తంగా చెప్పి, అక్కడి రోగుల గురించి, వారికి వైద్యం చేసే తీరు గురించి వివరంగా రాశాను. ఆ ఏడాదిలో నేర్చుకోవలసినది అక్కడే ఉంది.

ఆప్టోమెట్రీ రెసిడెన్సీ అంటే ఏమిటి? ఎం.బి.బి.ఎస్. తర్వాత చేసే పి.జి. వంటిదేనా?

కాదు. అమెరికాలో ఆప్టోమెట్రిస్టు, అంటే కళ్లు పరీక్షించి, అద్దాలు రాసి, కంటి జబ్బులను గుర్తించే వైద్యుడు, కావాలంటే డిగ్రీ చదువు తర్వాత నాలుగేళ్ల వృత్తివిద్య పూర్తిచేసి ఓ.డి. (డాక్టర్ ఆఫ్ ఆప్టోమెట్రీ) పట్టా పొందాలి. కంటి ఆపరేషన్లు చేసే నేత్రవైద్యుల దారి వేరు. వారు మెడికల్ కాలేజీలో చదివి, ఆ తర్వాత కొన్నేళ్ల శస్త్రచికిత్స శిక్షణ తీసుకుంటారు. ఓ.డి. పొందినవారు లైసెన్సు తీసుకుని వెంటనే ప్రాక్టీసు మొదలుపెట్టవచ్చు కనుక వారికి రెసిడెన్సీ తప్పనిసరి కాదు. అనుభవజ్ఞుల పర్యవేక్షణలో, ఎక్కువమంది రోగులను, ఎక్కువ తీవ్రత గల జబ్బులను చూస్తూ మరో ఏడాది నేర్చుకోవాలనుకునేవారు మాత్రమే దీనిని ఎంచుకుంటారు. శిక్షణ సాధారణంగా జులైలో మొదలై మరుసటి సంవత్సరం జూన్ చివరికి ముగుస్తుంది. ఈ కార్యక్రమాల ప్రమాణాలను పరిశీలించి గుర్తింపునిచ్చే సంస్థ అక్రెడిటేషన్ కౌన్సిల్ ఆన్ ఆప్టోమెట్రిక్ ఎడ్యుకేషన్.

నవాహో నేషన్ ఎక్కడ ఉంది? అక్కడి ఆసుపత్రులను ఎవరు నడుపుతారు?

ఆరిజోనా, న్యూ మెక్సికో, యూటా రాష్ట్రాలు కలిసే ప్రాంతంలో సుమారు 27,000 చదరపు మైళ్ల మేర విస్తరించిన భూభాగం అది. తెలంగాణ రాష్ట్ర విస్తీర్ణంలో మూడింట రెండు వంతులకన్నా కొంచెం తక్కువ అనుకోవచ్చు. రాజధాని విండో రాక్. సభ్యులుగా నమోదైన నవాహోల సంఖ్య దాదాపు 4 లక్షలు. వారిలో చాలామంది బతుకుతెరువు కోసం బయటి నగరాల్లో ఉంటున్నారు. తమను తాము వారు డినే అని పిలుచుకుంటారు. 1864లో అమెరికా సైన్యం వారిని సొంత నేల నుంచి వందల మైళ్లు నడిపించి న్యూ మెక్సికోలోని బోస్కె రెడోండోలో నిర్బంధించింది. 1868లో కుదిరిన ఒప్పందంతో వారు తమ ప్రాంతానికి తిరిగి రాగలిగారు. ప్రభుత్వ ఆసుపత్రిలో తెల్లకోటు వేసుకుని నిలబడే ప్రతి కొత్త వైద్యుడూ ఈ చరిత్ర తెలుసుకుని ఉండాలి, ఎందుకంటే ఎదుట కూర్చున్న రోగికి అది పాఠ్యపుస్తకంలో చదివినది కాదు, తాతముత్తాతల నుంచి ఇంట్లో విన్నది.

వైద్యసేవల బాధ్యత ఫెడరల్ ప్రభుత్వంలోని ఇండియన్ హెల్త్ సర్వీస్‌ది (ఇక్కడ ఇండియన్ అంటే అమెరికా మూలవాసులు, భారతీయులు కాదు). 1955లో ఈ బాధ్యత బ్యూరో ఆఫ్ ఇండియన్ అఫైర్స్ నుంచి ప్రజారోగ్య విభాగానికి మారింది. షిప్‌రాక్‌లోని నార్తర్న్ నవాహో మెడికల్ సెంటర్, గాలప్ ఇండియన్ మెడికల్ సెంటర్, చిన్లే, క్రౌన్‌పాయింట్, కయెంటా కేంద్రాలను ఆ సంస్థ నేరుగా నడుపుతోంది. 1975లో వచ్చిన స్వయం నిర్ణయాధికార చట్టం ప్రకారం తెగలు తమ ఆసుపత్రులను తామే నడుపుకోవచ్చు. ట్యూబా సిటీ, ఫోర్ట్ డిఫయన్స్, విన్స్‌లో ఆసుపత్రులు ఆ పద్ధతిలో నడుస్తున్నాయి. ఈ తేడా పేరుకు మాత్రమే పరిమితం కాదు. నియామకం, జీతం, పౌరసత్వ నిబంధనలు దీనిని బట్టే మారతాయి. ఏ ఆసుపత్రిలో ఏ సంవత్సరం రెసిడెన్సీ ఉందో పైన చెప్పిన అక్రెడిటేషన్ కౌన్సిల్ ప్రకటించే జాబితాలో చూసుకోవాలి. షిప్‌రాక్ కార్యక్రమం వీటిలో పేరున్నది.

నగరంలోని పెద్ద కంటి ఆసుపత్రిలో చేసే రెసిడెన్సీకీ దీనికీ తేడా ఏమిటి?

ఒక్క మాటలో చెప్పాలంటే దూరం. నగరంలో అనుమానం వస్తే రోగిని పక్క అంతస్తులోని రెటీనా (కంటి లోపలి పొర) నిపుణుడి దగ్గరికి పంపవచ్చు. వారం తర్వాత మళ్లీ రమ్మనవచ్చు. షిప్‌రాక్ నుంచి ఆల్బుకర్కీ సుమారు 200 మైళ్లు. కారులో మూడు గంటలకు పైగా పడుతుంది. చిన్లే చుట్టుపక్కల మట్టిదారుల చివర ఉండే ఇళ్లకు ఆసుపత్రే దూరం, ఇక నగరం సంగతి చెప్పనక్కర్లేదు. వాన పడితే ఆ దారులు బురదయి బండ్లు కదలవు, చలికాలంలో మంచు పడుతుంది.

అందువల్ల వైద్య నిర్ణయాల తీరే మారిపోతుంది. ఉదాహరణకు, పదేళ్లుగా షుగరు ఉన్న ఒక పెద్దావిడ మనవడి పికప్ ట్రక్కులో రెండు గంటలు ప్రయాణించి అద్దాల కోసం వచ్చిందనుకుందాం. నగరంలో అయితే అద్దాల నంబరు చూసి, చుక్కలు వేసి చేసే పరీక్షకు మరో రోజు రమ్మని చీటీ రాసి పంపవచ్చు. ఇక్కడ అది కుదరదు. ఆ రోజే కంటిపాపను పెద్దది చేసి రెటీనా చూడాలి, అవసరమైతే రెటీనా పొరలను విడివిడిగా చూపే ఓ.సి.టి. స్కాన్ తీయాలి, కంటి పీడనం కొలవాలి, అద్దాలు రాయాలి, ఆమె షుగరు మందులు రాసే వైద్యునికి అదే రికార్డులో విషయం తెలియజేయాలి. రెటీనా మీద కొత్త రక్తనాళాలు పుట్టుకొస్తున్నట్టు కనబడితే చీటీ రాయడంతో పని తీరదు. నిపుణుడితో ఫోనులో మాట్లాడి, ఎన్నాళ్లలోగా లేజరు లేదా కంట్లో ఇంజెక్షను అవసరమో తేల్చుకుని, ఆ ఊరికి ఆమెను ఎవరు తీసుకెళతారు, పెట్రోలు ఖర్చు ఎవరిది, ఆ రోజు గొర్రెలను ఎవరు చూస్తారు అని కూడా అడగాలి. బయటి నిపుణుల చికిత్సకు ఇండియన్ హెల్త్ సర్వీస్ ఇచ్చే నిధులు పరిమితం. వైద్యపరంగా ఎంత అత్యవసరమో చూసి మంజూరు చేస్తారు. కాబట్టి రికార్డులో మీరు రాసే నాలుగు వాక్యాలు ఎంత స్పష్టంగా ఉంటే ఆమెకు అంత త్వరగా చికిత్స దొరుకుతుంది.

తెగ తరఫున పనిచేసే కమ్యూనిటీ హెల్త్ రిప్రజెంటేటివులు ఇక్కడ గొప్ప ఆసరా. ఏ ఇల్లు ఏ కొండ వెనుక ఉందో, ఎవరింట్లో ఫోను పనిచేయదో వారికి తెలుసు. చేరిన మొదటి వారంలోనే వారితో పరిచయం పెంచుకోవడం ఏ ఖరీదైన యంత్రం వాడకం నేర్చుకోవడం కన్నా తక్కువ పని కాదని నా దృఢమైన అభిప్రాయం.

అక్కడ ఎలాంటి కంటి సమస్యలు ఎక్కువగా చూస్తాము?

అన్నిటికన్నా ముందు మధుమేహం. అమెరికాలోని శ్వేతజాతి వయోజనులతో పోలిస్తే స్థానిక అమెరికన్లలో మధుమేహం దాదాపు రెట్టింపు ఉంది. దానివల్ల రెటీనా దెబ్బతినే స్థితి, అంటే డయాబెటిక్ రెటినోపతీ, తొలి మచ్చల దశ నుంచి రెటీనా ఊడే దశ వరకూ అన్ని రూపాల్లోనూ రెసిడెంట్ల కంట పడుతుంది. షుగరు ఉన్న ప్రతి ఒక్కరికీ ఏటా కంటి పరీక్ష జరగాలన్నది ఇండియన్ హెల్త్ సర్వీస్ తనను తాను కొలుచుకునే ప్రమాణాల్లో ఒకటి. క్లినిక్కుకు రాలేనివారికోసం జోస్లిన్ విజన్ నెట్‌వర్క్ పేరుతో మొదలైన ఒక దూరవైద్య పథకం ఉంది. ఊరి ఆరోగ్యకేంద్రంలో శిక్షణ పొందిన ఉద్యోగి రెటీనా ఫొటోలు తీసి పంపితే, ఫీనిక్స్‌లోని పఠన కేంద్రంలో నిపుణులు వాటిని పరిశీలించి నివేదిక ఇస్తారు.

రెండవది ఆస్టిగ్మాటిజం, అంటే కంటి ముందుభాగపు వంపు అన్ని వైపులా సమంగా లేక బొమ్మ మసకగా కనబడడం. నైరుతి అమెరికా తెగల పిల్లల్లో ఇది ఎక్కువగా, కొన్నిసార్లు చాలా ఎక్కువ నంబరుతో కనిపిస్తుంది. చిన్నప్పుడే అద్దాలు ఇవ్వకపోతే మెదడు స్పష్టమైన బొమ్మను చూడడం నేర్చుకోదు, ఆ తర్వాత ఎంత సరైన అద్దం పెట్టినా చూపు పూర్తిగా రాదు. అందుకే బడిపిల్లల పరీక్షలకు వెళ్లడం చిన్న పనిగా భావించకూడదు. కార్నియా, అంటే కంటి ముందరి పారదర్శక పొర, పలచబడి శంకువులా ముందుకు పొడుచుకువచ్చే కెరటోకోనస్ రోగులు కూడా వస్తారు. వారికి గట్టి లెన్సులో, కంటి తెల్లభాగం మీద ఆనే స్క్లీరల్ లెన్సులో అమర్చడం రెసిడెంటు చేతికి మంచి అభ్యాసం.

ఇక్కడ ఒక విషయం నొక్కి చెప్పాలి. నవాహో నేషన్‌లో సుమారు 30 శాతం ఇళ్లకు కుళాయి నీరు లేదు. కుటుంబాలు పీపాల్లో నీరు నింపి ట్రక్కులో తెచ్చుకుంటాయి. కాంటాక్ట్ లెన్సు పెట్టుకునే ముందు చేతులు కడుక్కోండి అని చెప్పేముందు ఆ ఇంట్లో నీటి సంగతి ఏమిటో అడగాలి. లెన్సుకు నీరు తగిలితే అకాంతమీబా అనే సూక్ష్మజీవి కార్నియాను తినేసే ప్రమాదం ఉంది కనుక, ఏ లెన్సు ఇవ్వాలి, రోజూ పారేసే రకమా, అసలు లెన్సు వద్దనడమే మేలా అన్నది ఆ జవాబును బట్టే నిర్ణయించాలి. అలాగే చల్లగా ఉంచవలసిన మందుచుక్కలు రాసేటప్పుడు ఆ ఇంటికి కరెంటు ఉందో లేదో తెలుసుకోవాలి. ఈ ప్రశ్నలను తీర్పు చెప్పే స్వరంతో కాక, మందు పేరు అడిగినంత మామూలుగా అడగడం అలవాటు చేసుకోవాలి.

ఎత్తైన పీఠభూమి, మండే ఎండ, ఇసుకగాలి కలిసి కంటి పొడిదనాన్ని, కంటి తెల్లభాగం మీద మొదలై నల్లగుడ్డు మీదికి పాకే దుర్మాంసాన్ని పెంచుతాయి. వెల్డింగు నలుసులు, కట్టెలు కొట్టేటప్పుడు ఎగిరిన చెక్కముక్కలు, పశువుల వల్ల తగిలే దెబ్బలు అత్యవసర విభాగం నుంచి వస్తూనే ఉంటాయి. కార్నియాలో దిగిన ఇనుప నలుసును స్లిట్ ల్యాంపు (కంటిని పెద్దదిగా చూపే పరికరం) ముందు కూర్చుని సూదిమొనతో తీసి, చుట్టూ మిగిలిన తుప్పు వలయాన్ని శుభ్రం చేయడం రెసిడెంట్లకు కొద్ది నెలల్లోనే చేయి తిరిగిన పని అవుతుంది.

వృత్తులను బట్టి అద్దాలు రాయడం మరో ముఖ్యమైన సంగతి. నవాహో మగ్గం నిలువుగా నిలబెట్టి ఉంటుంది. నేతగత్తె దాని ముందు కూర్చుని కింద నుంచి పైకి నేసుకుంటూ పోతుంది. మామూలు బైఫోకల్ అద్దంలో దగ్గరి చూపు భాగం కిందనే ఉంటుంది కనుక, నేత పైకి వెళ్లేకొద్దీ ఆమె గడ్డం పైకెత్తి, మెడ వెనక్కి వంచి చూడాలి. కంటికీ మగ్గానికీ మధ్య దూరం ఎంతో ఆమె చేయి చాచి చూపిస్తే టేపుతో కొలిచి, ఆ దూరానికే ఒకే నంబరుతో విడిగా పని అద్దాలు రాస్తే ఆ బాధ తప్పుతుంది. వెండి నగలు చేసేవారికి మరింత దగ్గరి దూరం, దానితోపాటు నలుసులు ఆపే అద్దాలు కావాలి.

ఆ ప్రజల్లోనే కనిపించే ప్రత్యేక కంటి జబ్బులు ఉన్నాయా?

అరుదుగా ఉన్నాయి, తెలుసుకుని ఉండాలి. ఓ.సి.ఎ.2 జన్యువులో ఒక పెద్ద భాగం లోపించడం వల్ల వచ్చే ఆల్బినిజం (చర్మానికీ కళ్లకూ సహజమైన రంగు లేకపోవడం) నవాహోల్లో సుమారు 1,500 నుంచి 2,000 మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. వీరికి కళ్లు అదురుతుంటాయి, వెలుతురు భరించలేరు, రెటీనా మధ్యభాగం పూర్తిగా ఏర్పడదు. అద్దాలతో చూపు పూర్తిగా రాదు గాని, రంగు అద్దాలు, పెద్దగా చూపించే పరికరాలు, తరగతిలో ముందు బెంచీ, వీటన్నిటి గురించి బడికి ఒక ఉత్తరం, ఇవి ఆ బిడ్డ చదువును నిలబెడతాయి. నవాహో న్యూరోహెపటోపతీ అనే మరో జబ్బు ప్రధానంగా కాలేయానికీ నరాలకూ సంబంధించినదైనా, కార్నియాకు స్పర్శ పోవడం వల్ల పుండ్లు పడి మచ్చలు ఏర్పడతాయి. నొప్పి లేదు కదా అని ఎర్రని కంటిని తేలికగా తీసుకోరాదన్న పాఠం ఇక్కడ మరింత గట్టిగా వర్తిస్తుంది.

గతంలో అయితే ట్రకోమా అనే కంటి అంటువ్యాధి ఈ తెగలను గుడ్డితనంలోకి నెట్టిన పెద్ద జబ్బు. 1930ల చివర సల్ఫా మందులు వచ్చాకే అది లొంగింది.

నాకు నవాహో భాష రాదు. రోగులతో ఎలా మాట్లాడాలి?

మధ్యవయసువారు, యువకులు చాలావరకు ఆంగ్లం మాట్లాడతారు. పెద్దవారిలో నవాహో మాత్రమే మాట్లాడేవారు, లేదా జబ్బు సంగతి సొంత భాషలోనే చెప్పుకోవాలనుకునేవారు ఉంటారు. క్లినిక్కు సహాయకుల్లో ఎక్కువమంది నవాహోలే కావడంతో అనువాదానికి మనుషులు దొరుకుతారు. అయితే పక్కన కూర్చున్న మనవరాలి చేత కష్టమైన విషయాలు చెప్పించడం మంచిది కాదు. శిక్షణ పొందిన అనువాదకులను పిలవాలి. ‘యాఅతే’ అని పలకరించి, చేతిని గట్టిగా నొక్కకుండా తేలికగా తాకించి కరచాలనం చేస్తే చాలు, మీరు నేర్చుకోవడానికి సిద్ధంగా ఉన్నారని వారికి అర్థమవుతుంది. తరువాత మీరెవరో, ఏ ఊరివారో, మీ అమ్మానాన్నలు ఎవరో రెండు మాటలు చెప్పండి. నవాహోలు పరిచయం చేసుకునేటప్పుడు తల్లి వంశం, తండ్రి వంశం, ఆపై ఇద్దరు తాతల వంశాలు చెప్పుకుంటారు. ఎవరి బిడ్డవో తెలియకుండా నీ ఉద్యోగం పేరు మాత్రమే తెలిస్తే అది వారికి పరిచయం కింద లెక్కకు రాదు.

పెద్దల కళ్లలోకి సూటిగా చూస్తూ మాట్లాడడాన్ని సంప్రదాయం పాటించే ఇళ్లలో మర్యాదగా భావించరు. కంటి పరీక్షే అలా చూడకుండా సాగదు కదా అనిపించవచ్చు. స్లిట్ ల్యాంపు దగ్గర “నా చెవి వైపు చూడండి” అనడం ఎలాగూ ఉన్న పద్ధతే. పరీక్షకు ముందు ఏమి చేయబోతున్నారో చెప్పి, అనుమతి అడిగి, అది పూర్తికాగానే కొంచెం వెనక్కి జరిగి, పక్కకు చూస్తూ మాట్లాడితే సరిపోతుంది. ప్రశ్న అడిగాక వచ్చే నిశ్శబ్దాన్ని మీరు మరో ప్రశ్నతో నింపవద్దు. ఎదుటివారు ఆలోచించుకుంటున్నారు, జవాబు వస్తుంది.

అన్నిటికన్నా కష్టమైనది చెడువార్త చెప్పడం. మాటకు జరగబోయేదాన్ని రప్పించే శక్తి ఉందన్న నమ్మకం సంప్రదాయ నవాహో కుటుంబాల్లో బలమైనది. 1995లో అమెరికా మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం ఈ విషయాన్ని వైద్యలోకం దృష్టికి తెచ్చింది: రాబోయే ముప్పును వైద్యుడు నోటితో పలకడమే హాని అని అక్కడ చాలామంది భావిస్తారని అది చూపింది. తథాస్తు దేవతలు తిరుగుతుంటారు, చెడుమాట అనకు అని అమ్మమ్మల చేత మందలింపు తిన్న తెలుగువారికి దీన్ని గ్రహించడం కష్టం కాదు. “షుగరు తగ్గించకపోతే మీకు చూపు పోతుంది” అన్న మాట క్లినిక్కుల్లో అలవాటుగా వచ్చేస్తుంది. అక్కడ దానిని పూర్తిగా మానుకోవాలి. “షుగరు చాలాకాలం ఎక్కువగా ఉన్న కొందరికి కంటి లోపలి పొర దెబ్బతింటుంది. వేళకు వచ్చి చికిత్స చేయించుకున్నవారు చూపు నిలుపుకుంటున్నారు. మీరు మనవలను, గొర్రెలను, దారాల రంగులను బాగా చూస్తూ ఉండాలని మేము కోరుకుంటున్నాం” అని చెప్పవచ్చు. విషయమేమీ దాచలేదు, జరగబోయే కీడును ఆ మనిషి మీద పెట్టలేదు, అంతే. చికిత్సకు ముందు ప్రమాదాలు చెప్పి తీరవలసిన చట్టబద్ధమైన బాధ్యత ఉంది కనుక, “వీటి గురించి మీరు ఎలా వినాలనుకుంటున్నారు, పక్కన ఎవరైనా ఉండాలా” అని ముందుగా అడగడం మంచి పద్ధతి. అందరు నవాహోలూ ఒకేలా ఆలోచిస్తారని అనుకోవడం మాత్రం పొరపాటు. క్రైస్తవులు, నేటివ్ అమెరికన్ చర్చి సభ్యులు, ఇవేవీ పట్టించుకోని యువకులు, అన్నిటినీ కలిపి పాటించేవారు, అందరూ అదే వరుసలో కూర్చుని ఉంటారు.

సంప్రదాయ వైద్యం చేయించుకునే రోగులతో ఎలా మెలగాలి?

గౌరవంతో. చిన్లే ఆసుపత్రిలో స్థానిక వైద్యానికి ప్రత్యేక విభాగమే ఉంది. రోగి క్రతువు కోసం కొన్ని రోజులు ఆగమంటే, ఆగవచ్చో లేదో వైద్యపరంగా నిజాయితీగా చెప్పండి. కంటిశుక్లం ఆపరేషన్ ఆగుతుంది, రెటీనా ఊడిన కన్ను ఆగదు. ఆ క్రతువు ఏమిటి, ఎలా చేస్తారు అని ఆరా తీయడం మీ పని కాదు.

సూర్యగ్రహణం గురించి ఒక మాట. గ్రహణ సమయంలో సంప్రదాయ నవాహోలు బయటికి రారు, సూర్యుని వైపు చూడరు, ఏమీ తినరు. 2023 అక్టోబరు 14న వలయాకార గ్రహణం ఆ ప్రాంతం మీదుగా సాగినప్పుడు, ప్రపంచం నలుమూలల నుంచి పర్యాటకులు వస్తున్నా, మాన్యుమెంట్ వ్యాలీతో సహా తమ పార్కులను నవాహో నేషన్ ఆ కొన్ని గంటలు మూసివేసింది. సూర్యుణ్ణి నేరుగా చూసి రెటీనా కాల్చుకున్నవారికి చికిత్స లేదని తెలిసిన కంటి వైద్యులకు ఈ నియమం మీద అభ్యంతరం ఉండవలసిన పనేమీ లేదు.

ఎవరు అర్హులు? అమెరికా పౌరసత్వం తప్పనిసరా?

గుర్తింపు పొందిన కళాశాల నుంచి ఓ.డి. పట్టా, నేషనల్ బోర్డు పరీక్షల్లో ఉత్తీర్ణత, ఏదో ఒక రాష్ట్రపు లైసెన్సు కావాలి. ఫెడరల్ ఆసుపత్రుల్లో పనిచేయడానికి ఆసుపత్రి ఉన్న రాష్ట్రపు లైసెన్సే ఉండాలన్న నియమం లేదు, ఏ రాష్ట్రానిదైనా చెల్లుతుంది. ఇండియన్ హెల్త్ సర్వీస్ నేరుగా నడిపే ఆసుపత్రుల్లో సాధారణంగా అమెరికా పౌరులనే నియమిస్తారు. అందువల్ల అక్కడ పుట్టి పెరిగిన తెలుగు కుటుంబాల పిల్లలకు దారి తెరిచే ఉంది గాని, స్టూడెంట్ వీసా మీద ఓ.డి. చేసినవారికి ఇది కష్టం. తెగ నడిపే ఆసుపత్రుల నియమాలను విడిగా అడిగి తెలుసుకోవాలి. నియామకాల్లో తెగల సభ్యులకు చట్టప్రకారం ప్రాధాన్యం ఉంటుంది. ఇది న్యాయమైనది. తమ బిడ్డలే తమకు వైద్యులుగా రావాలన్న ఆ ప్రజల కోరికను బయటి నుంచి వెళ్లే మనం మనస్ఫూర్తిగా సమర్థించాలి.

నేను భారతదేశంలో బి.ఆప్టోమ్ చేశాను. నేరుగా దరఖాస్తు చేసుకోవచ్చా?

చేసుకోలేరు. ముందుగా అమెరికాలో ఓ.డి. పొందాలి. విదేశీ ఆప్టోమెట్రిస్టుల పూర్వ చదువును లెక్కలోకి తీసుకుని తక్కువ కాలంలో ఓ.డి. ఇచ్చే ప్రవేశ మార్గాలను కొన్ని కళాశాలలు నడిపాయి. బోస్టన్‌లోని న్యూ ఇంగ్లాండ్ కాలేజ్ ఆఫ్ ఆప్టోమెట్రీ వాటిలో ఒకటి. అది పూర్తయ్యాక కూడా పైన చెప్పిన పౌరసత్వ సమస్య మిగిలే ఉంటుంది. ఖర్చు ఎక్కువ, ఫలితం అనిశ్చితం కనుక కేవలం ఈ రెసిడెన్సీ కోసం ఆ దారి పట్టవద్దని నా సలహా. మారుమూల ప్రజలకు కంటివైద్యం అందించాలన్నదే మీ కోరిక అయితే, హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ పల్లెల్లో విజన్ సెంటర్లు నెలకొల్పి దూరం అనే ఈ సమస్యతోనే పనిచేస్తోంది, అక్కడి అవకాశాలను ముందు చూడండి.

ఎంపిక ఎలా జరుగుతుంది?

ఓ.ఆర్.మ్యాచ్ అనే జాతీయ పద్ధతిలో. నాలుగవ సంవత్సరం చదువుతున్న విద్యార్థులు శరదృతువులో నమోదు చేసుకుని, చలికాలంలో దరఖాస్తులు పంపి, ఇంటర్వ్యూలకు హాజరవుతారు. తర్వాత మీరు మీకు నచ్చిన కార్యక్రమాలను వరుసలో పెట్టి ఇస్తారు, ఆసుపత్రులు తమకు నచ్చిన అభ్యర్థులను వరుసలో పెట్టి ఇస్తాయి. రెండు జాబితాలనూ కంప్యూటరు సరిపోల్చి మార్చిలో ఫలితం చెబుతుంది. ఆ ఫలితానికి ఇద్దరూ కట్టుబడాలి కనుక, నిజంగా వెళ్లి ఉండలేని చోటును జాబితాలో పెట్టకండి. ఇంటర్వ్యూలో “ఇక్కడికే ఎందుకు” అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. ఎడారి అందాలు, కొండల మీద నడకలు, కొత్త సంస్కృతి చూడాలన్న ఉత్సాహం, వీటిని ముందు పెట్టినవారి జవాబు తేలిపోతుంది. అక్కడి రోగులకు ఏమి అవసరమో చదివి తెలుసుకుని, అందులో మీకు చేతనైనది ఏమిటి, చేతకానిది ఏమిటి అని చెప్పగలిగితే అది వినదగిన జవాబు.

ఏడాదిలో క్లినిక్కు కాక ఇంకేమి చేయాలి?

కేసులను సమర్పించాలి, ఉపన్యాసాలు ఇవ్వాలి, పత్రికకు పంపదగిన స్థాయిలో ఒక వ్యాసం రాయాలి. ఇక్కడ జాగ్రత్త అవసరం. నవాహో ప్రజల మీద పరిశోధన చేయాలన్నా, వారి సమాచారంతో వ్యాసం ప్రచురించాలన్నా నవాహో నేషన్ హ్యూమన్ రీసెర్చ్ రివ్యూ బోర్డు అనుమతి కావాలి. ఆసుపత్రి అనుమతి ఒక్కటే చాలదు. జన్యు పరిశోధనల మీద ఆ నేషన్ 2002లో నిషేధం కూడా విధించింది. తమ రక్తనమూనాలను, తమ కథలను బయటివారు పట్టుకుపోయి తమకు ఏమీ మిగల్చని అనుభవాలు స్థానిక తెగలకు చాలా ఉన్నాయి. కాబట్టి బోర్డు ప్రక్రియకు నెలలు పడుతుందని ముందే లెక్క వేసుకుని, జులైలోనే విషయం ఎంచుకోవాలి.

జీతం, నివాసం, రోజువారీ బతుకు ఎలా ఉంటాయి?

రెసిడెంటు జీతం ప్రాక్టీసులో ఉన్న ఆప్టోమెట్రిస్టు సంపాదన కన్నా బాగా తక్కువ. భూమి తెగది కనుక బయటివారు ఇల్లు కొనుక్కోలేరు. ఆసుపత్రి పక్కన ఉండే ప్రభుత్వ క్వార్టర్లు అద్దెకు దొరకవచ్చు, లేదా షిప్‌రాక్ వారికి ఫార్మింగ్టన్ వంటి దగ్గరి పట్టణం ఉంది. నవాహో నేషన్‌లో మద్యం అమ్మకం చాలావరకు నిషిద్ధం. కందిపప్పు, చింతపండు వంటివి నగరానికి వెళ్లినప్పుడే తెచ్చుకోవాలి. మంచి కారు తప్పనిసరి. రాత్రిపూట రోడ్డు మీద గుర్రాలు, ఆవులు నిలబడి ఉంటాయి, వేగం తగ్గించి నడపండి. వేసవిలో గడియారాల సంగతి కూడా గుర్తుంచుకోండి: ఆరిజోనా రాష్ట్రం వేసవి సమయం పాటించదు, అదే రాష్ట్రంలోని నవాహో భూభాగం పాటిస్తుంది, దాని మధ్యలో ఉన్న హోపీ తెగ భూభాగం పాటించదు. ఫీనిక్స్ నిపుణుని దగ్గర రోగికి సమయం తీసుకునేటప్పుడు ఎవరి గడియారం ప్రకారమో కాగితం మీద రాసి ఇవ్వాలి.

ఆ తర్వాత ఏమి చేయవచ్చు?

కొందరు ఇండియన్ హెల్త్ సర్వీస్‌లోనే స్థిరపడతారు. రెండేళ్లు సేవచేస్తామని ఒప్పుకున్నవారికి విద్యారుణం తీర్చే పథకం ఒకటి ఉంది. మరికొందరు మాజీ సైనికుల ఆసుపత్రులకు, కళాశాలల్లో బోధనకు, ఫెడరల్ ప్రభుత్వ యూనిఫాం వైద్యదళమైన పబ్లిక్ హెల్త్ సర్వీస్ కమిషన్డ్ కోర్‌కు వెళతారు. ఏడాదికొకరు చొప్పున వైద్యులు మారిపోవడం అక్కడి రోగులకు నిజమైన బాధ. కొత్త ముఖానికి ప్రతిసారీ మొదటి నుంచి కథ చెప్పుకోవాలి. వెళ్లిపోయేవారు కనీసం తమ రోగుల జాబితాను, ఎవరికి ఏ పరీక్ష ఏ నెలలో జరగాలో, ఎవరు ఏ ఫోను నంబరుకు చేస్తే దొరుకుతారో వివరంగా రాసి తరువాతి రెసిడెంటుకు అప్పగించాలి.

విద్యార్థిగా ఉన్నప్పుడే వెళ్లి చూసి రావచ్చా?

రావచ్చు, వెళ్లాలి కూడా. నాలుగవ సంవత్సరంలో బయటి ఆసుపత్రుల్లో చేసే శిక్షణకు కొన్ని కళాశాలలు ఇండియన్ హెల్త్ సర్వీస్ కేంద్రాలను అనుమతిస్తాయి. మీ కళాశాల క్లినికల్ విభాగాన్ని మూడవ సంవత్సరం మొదట్లోనే అడగండి. వీలైతే చలికాలపు విడతను ఎంచుకోండి. మంచులో వచ్చే రోగులు తక్కువగా ఉంటారు, వచ్చినవారు ఎందుకు వచ్చారో, రానివారు ఎందుకు రాలేకపోయారో అప్పుడే బాగా తెలుస్తుంది.